స్లైడ్‌షో సరే, ఫొటోలో ఉన్నదెవరు?

పోయిన నెల మా ఆఫీసులో ఒక తమ్ముడు, పుంగనూరు వైపు వాడు, భోజనాల దగ్గర ఒక ప్రశ్న వేశాడు. "అన్నా, మా ఊరి పాత ఫొటోలన్నీ నెట్లో పెడదామనుకుంటాండా. గ్యాలరీకి ఏ సాఫ్ట్‌వేరు బాగుంటాది?"

అంతే! పెరుగన్నం దాకా రాకముందే ఏడు పేర్లు బల్ల మీద పడ్డాయి. ఒకడు ఇమ్మిచ్ అన్నాడు, ఒకడు పివిగో అన్నాడు. ఇంకొకాయన "ఇవన్నీ ఎందుకబ్బా, గూగుల్ ఫొటోస్‌లో పడేసి లంకె పంపు, పనైపోతుంది" అని తేల్చేశాడు. డాకర్‌లో పెట్టాలా వద్దా అని ఇద్దరు వాదులాడుకున్నారు. ముఖాలు గుర్తుపడుతుందా, థీములెన్ని ఉన్నాయి, ఫోన్లో వేలితో జరిపితే నున్నగా జరుగుతుందా... ఇలా అరగంట గడిచింది. ఏం ఫొటోలు? ఎన్ని? అందులో ఉన్నవాళ్ళెవరో తెలిసిన మనిషి ఇంకా బతికి ఉన్నారా? ఈ మాట ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. క్లయింటు నాలుగు ముక్కల మెయిలు పంపి పని మొదలుపెట్టమంటే "రిక్వైర్‌మెంట్స్ ఎక్కడ?" అని గగ్గోలు పెట్టేది కూడా ఈ జనమే.

నేనూ నోరెత్తలేదు. ఎందుకంటే ఈ విషయంలో నేను చేసిన వెధవ పని చెప్పుకోవాలంటే భోజనాల టైము చాలదు. ఇక్కడైతే ఎంతైనా రాయొచ్చు, చదవలేని వాళ్ళు వెళ్ళిపోతారు :)

మాది పెద్దతిప్పసముద్రం. పాత చిత్తూరు జిల్లా, మదనపల్లె డివిజను, కర్ణాటక సరిహద్దు. అంత పొడుగు పేరు పలకలేక అందరూ పీటీఎం అంటారు. పేర్లో సముద్రం ఉంది గదా అని పడవ కోసం వెతక్కండి. మా సీమలో సముద్రం అంటే చెరువు. అక్కడ ఒక చిన్న ఫొటో స్టూడియో ఉండేది. డిజిటల్ కెమెరాలొచ్చాక ఆయన దుకాణం మూసేస్తూ ఒక రేకు పెట్టె నిండా నెగెటివ్‌లు, ప్రింట్లు మా నాయనకిచ్చాడు. "మీ వోడు కంప్యూటర్ల పని గదా, ఏమన్నా చేస్తాడేమో" అని. 2007 దీపావళికి ఊరికి పోయినప్పుడు ఆ పెట్టె బెంగుళూరు తెచ్చుకుని, నెల రోజులు స్కాన్ చేశా. మొత్తం 640 ఫొటోలు. పెళ్ళిళ్ళు, జాతర, ఇస్కూలు పిల్లలు, చెనక్కాయల కుప్పల ముందు నిలబడ్డ రైతులు, సోంపాళ్యం చెన్నకేశవస్వామి గుడికి పోయిన గుంపు.

అందులో ఒక ఫొటో ఉంది. 1980ల మొదట్లోది. చెరువు కట్ట మీద పద్నాలుగు మంది వరసగా నిలబడి ఉంటారు. ఆడవాళ్ళు తొమ్మిది మంది, మగవాళ్ళు నలుగురు, చివర్న చొక్కా లేని పిల్లోడొకడు. పూడిక తీసే పనికి పోయినప్పుడు తీసిందట. సంక్రాంతికి ఆ ఫొటోలన్నీ చిన్న చిన్న ముద్రలుగా కాయితాల మీద తీయించి మా అవ్వ ముందు పెట్టా. అవ్వకి చదువు రాదు. కానీ ఆ పద్నాలుగు మందికి పద్నాలుగు పేర్లూ చెప్పింది. పేరొక్కటే కాదు, "ఈయమ్మి ఎవురనుకున్యావు, మీ నాయనకి మేనత్త వరసవుతాది, కొత్తకోటకిచ్చినారు" అని ఊరూ చుట్టరికమూ సహా చెప్పింది. నేను ముద్రల వెనకాల పెన్సిలుతో రాసుకున్నా. మూడు రోజులు పట్టింది.

బెంగుళూరొచ్చి నేను చేసింది వినండి. నెలకి ఇంతని కట్టే ఒక హోస్టింగు కంపెనీలో అప్పట్లో అందరూ వాడే ఒక పీహెచ్‌పీ గ్యాలరీ ఎక్కించా. ఎందుకు దాన్నే ఎన్నుకున్నానంటే థీము బాగుంది. నల్ల బ్యాక్‌గ్రౌండు, మెల్లగా మారే స్లైడ్‌షో. పేర్లన్నీ లేఖినిలో కొట్టి, గ్యాలరీలో ఫొటో కింద ఉండే పెట్టెల్లో అతికించా. మొత్తం అయ్యాక... డాటాబేసులో ఉంది కదా, ఇంకెందుకని... ఆ పెన్సిలు కాయితాలు చింపి చెత్తబుట్టలో వేశా.

అవ్వ 2010లో పోయింది. 2011లో ఆ హోస్టింగు వాళ్ళు సర్వర్లు మార్చారు. పాత చోట టేబుళ్ళు యూటీఎఫ్‌లో ఉన్నాయి, కొత్త చోట లాటిన్‌లో తయారయ్యాయి. డంపు ఎక్కించేటప్పుడు తెలుగంతా ప్రశ్నార్థకాలైపోయింది. ఈ సంగతి తెలిసినవాళ్ళకి తెలుసు, గజిబిజి అక్షరాలు వస్తే తిప్పి రాబట్టుకోవచ్చు, ప్రశ్నార్థకం వచ్చిందంటే మాత్రం అసలు బైట్లు పోయినట్టే. నేను నాలుగు నెలల దాకా అటు చూడలేదు. చూసేసరికి పాత సర్వరు తుడిచేశారు. వాళ్ళ తప్పెంతో, నా దగ్గర ఒక్క డంపు కూడా పెట్టుకోకపోవడం నా తప్పంతకంటే పెద్దది.

ఫొటోలు ఒక్కటీ పోలేదు. నల్ల థీములో నిగనిగలాడుతూ 640 ఉన్నాయి. చెరువు కట్ట ఫొటో కింద పద్నాలుగు గుంపుల ప్రశ్నార్థకాలు. ఇక్కడ ఒక దరిద్రం చూడండి: యూనికోడులో గుణింతం, పొల్లు అన్నీ విడివిడి గుర్తులు కాబట్టి, ఒక్కో గుర్తుకి ఒక్కో ప్రశ్నార్థకం. అంటే పేరు పోయింది గానీ పొడుగు మిగిలింది. ఎడమ నుంచి నాలుగో ఆమె పేరు ఆరు ప్రశ్నార్థకాలు. నాగమ్మ అయితే ఆరు. గంగమ్మా ఆరే. రామక్కా ఆరే. మీరే లెక్కపెట్టుకోండి.

నా వాదన ఇక్కడి నుంచే మొదలవుతుంది. గ్యాలరీ సాఫ్ట్‌వేరు ఎన్నుకోవడం అంటే ఫొటోలు చూపించే సాఫ్ట్‌వేరు ఎన్నుకోవడం అని మనవాళ్ళ భ్రమ. చూపించడం ఏముంది, ఏదైనా చూపిస్తుంది. అడగాల్సింది ఒక్కటే: నేను రాసిన మాట ఎక్కడ దాస్తున్నావు? ఫొటో ఫైలు లోపలా, నీ డాటాబేసులోనా? రేపు నిన్ను వదిలి పోతే ఆ మాట నాతో వస్తుందా? దీనికి సరైన జవాబు లేని సాఫ్ట్‌వేరుకి ఎన్ని వేల గిట్‌హబ్ చుక్కలున్నా నాకు పనికిరాదు.

"నువ్వు పడ్డ గుంటలో అందరూ పడతారా?" అంటారు. ఆ గుంట పేరు కాలం, దాన్ని దాటినవాళ్ళెవరూ కనపళ్ళేదు నాకు. పేరు పేరునా గుర్తుచేస్తా. యాహూ ఫొటోస్ 2007లో మూశారు. జియోసిటీస్ 2009లో. కొడాక్ గ్యాలరీ 2012లో. మన కాలేజీ బ్యాచ్‌ల ఫొటోలన్నీ ఉన్న ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న. పికాసా వెబ్ ఆల్బములు 2016లో. ఫొటోబకెట్ 2017లో ఉన్నట్టుండి, బయటి పేజీల్లో ఫొటో కనపడాలంటే ఏడాదికి 400 డాలర్లు కట్టమంది. ఫ్లికర్ 2013లో ఒక టెరాబైటు ఉచితం అని డప్పు కొట్టి, చేతులు మారాక 2018 నవంబరులో ఉచిత ఖాతాకి వెయ్యి ఫొటోలే అంది. గూగుల్ ఫొటోస్ 2015లో హద్దే లేదంది, 2021 జూన్ 1 నుంచి హద్దు పెట్టింది. వీళ్ళని తిట్టడం నా ఉద్దేశం కాదు, వ్యాపారం వాళ్ళది. ఊరికే పెట్టిన అన్నంలో ఉప్పు తక్కువైందని అడిగే హక్కు మనకి లేదు. నా బాధల్లా మూడుసార్లు విస్తరి లాగేసినా నాలుగోసారి అదే పంక్తిలో పోయి కూర్చునే మనవాళ్ళ మీద.

"అందుకే సొంత సర్వరు" అనే ఓపెన్‌సోర్సు వీరులకి కూడా ఒక మాట. 2000లో మొదలైన గ్యాలరీ అనే ప్రాజెక్టు గుర్తుందా, భరత్ మెదిరట్టా మొదలుపెట్టింది? పేరే గ్యాలరీ. అప్పట్లో హోస్టింగు కొంటే ఒక నొక్కుతో ఎక్కించుకునేవాళ్ళం. రెండో రూపం 2005లో, మూడోది 2010లో వచ్చింది. 2014లో రాసేవాళ్ళు ఇక మావల్ల కాదని నిద్రపుచ్చేశారు. కాపర్‌మైన్ సంగతీ, దాని చుట్టూ వచ్చిన భద్రత కన్నాల సంగతీ తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. 2015 చివర్లో పీహెచ్‌పీ 7 వచ్చి పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లని పీకేస్తే, ఎవరూ ముట్టుకోని పాత గ్యాలరీలు తెల్లారేసరికి తెల్ల పేజీలైపోయాయి. ఓపెన్‌సోర్సు అంటే కోడు చచ్చిపోదు, నిజమే. దాన్ని నడిపే మనిషికి ఓపిక చచ్చిపోతుంది. ఆ మనిషి మీరే.

ఇప్పటివాటిలో ఇమ్మిచ్ నేనూ వాడతా, ఇంట్లో పిల్లల ఫొటోలకి. 2022లో మొదలై చాలా తొందరగా బాగుపడింది, 2025 అక్టోబరులో స్థిరమైన రూపం వచ్చింది. ఫోన్లో ఉన్నవి ఇంటి డిస్కులోకి చేర్చడానికి దానికి సాటి లేదు. కానీ అది మీ ఇంటి బీరువా. అందులో ఆల్బములూ ముఖాల పేర్లూ ఉండేది పోస్ట్‌గ్రెస్‌లో. మీరు లేకపోతే దాన్ని మీ ఆవిడో, ఊళ్ళో మీ తమ్ముడో లేపి నడపగలరా? ఊరి ఫొటోలకి నిర్వాహకుడు ఒక్కడే ఉన్న ఏ ఏర్పాటైనా, ఆ ఒక్కడి ఆరోగ్యం మీద ఆధారపడ్డ ఏర్పాటే. పివిగో ఇంకా పాతది. 2002లో వేరే పేరుతో మొదలై ఇప్పటికీ నడుస్తోందంటే మెచ్చుకోవాల్సిందే. పైగా ఫైల్లో రాసి ఉన్న వివరాలని చదువుకుంటుంది. ముందు ఫైల్లో రాసి, తర్వాత దానికి చూపిస్తే ఇబ్బంది లేదు. మనం చేసేది తలకిందులు: నేరుగా దాని పెట్టెలో టైపు చేస్తాం.

ఇక ముఖాలు గుర్తుపట్టే తెలివి గురించి. 640లో ఒకే మనిషి ఎన్ని చోట్ల ఉందో ఇవ్వాళ్టి సాఫ్ట్‌వేరు నిమిషాల్లో చెప్తుంది. మహా గొప్ప. ఆ నాలుగో ఆమె ఇంకో మూడు ఫొటోల్లో ఉందని నాకు అదే చూపించింది. ఒక పెళ్ళిలో, జాతరలో, బస్సు ముందు. పేరు మాత్రం దాని దగ్గర లేదు. ఎక్కడి నుంచి వస్తుంది? మా అవ్వకి తప్ప తెలీనిది కాలిఫోర్నియాకి ఎలా తెలుస్తుంది?

అయితే ఫైలు లోపల రాయడం కూడా మన భాషకి అంత తేలిక కాదు. ఇది తెలుగువాళ్ళం తప్ప ఎవరూ పట్టించుకోరు కాబట్టి కాస్త వివరంగా చెప్తా. పత్రికల వాళ్ళ కోసం పుట్టిన పాత ఐపీటీసీ పద్ధతిలో ఒక కీలకపదానికి 64 బైట్లే చోటు. ఇంగ్లీషువాడికి అది 64 అక్షరాలు. తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు తింటుంది. "పెద్దతిప్పసముద్రం" అంటే 17 గుర్తులు, 51 బైట్లు. దాని పక్కన ఒక ఖాళీ వదిలి "చెరువు" అని రాశారా, మొత్తం 70. హద్దు పాటించే పనిముట్టు తోక కత్తిరిస్తే మిగిలేది "పెద్దతిప్పసముద్రం చెరు". మా ఊరి చెరువుకి వు లేకుండా పోతుంది! వర్ణనకి 2000 బైట్లు ఇచ్చాడు, అంటే మనకి 660 గుర్తుల చిల్లర. పద్నాలుగు మంది పేర్లూ చుట్టరికాలూ రాస్తే ఇరుకే. దీనికి మందు ఎక్స్ఎంపీ. 2001లో అడోబీ తెచ్చింది, పూర్తిగా యూనికోడు, ఈ 64 గొడవ లేదు. కాబట్టి మీ సాఫ్ట్‌వేరు "ఫైల్లో రాస్తాను" అంటే చాలదు, ఏ పద్ధతిలో రాస్తావని అడగండి. డిజీక్యామ్ బాగా రాస్తుంది. నల్ల తెరకి భయపడనివాళ్ళకి ఎక్సిఫ్‌టూల్ ఉంది, 2003 నుంచి ఒకే మనిషి చేతుల్లో పెరుగుతున్న పెర్ల్ పనిముట్టు. ఒక టేబులు ఫైలు ఇస్తే 640 ఫొటోల్లో పేర్లు ఒక్క దెబ్బకి ఎక్కించేస్తుంది.

మా ఊరి పేరుతో ఇంకా చాలా పరీక్షలు పెట్టొచ్చు. ద్ద, ప్ప, ద్ర, మూడు ఒత్తులున్నాయి. ఫొటో మూలన ఊరి పేరు ముద్ర వెయ్యమని అప్పట్లో ఒక గ్యాలరీకి చెప్తే, దాని వెనకున్న జీడీ లైబ్రరీకి ఒత్తులు కలపడం రాదు కాబట్టి దకి పొల్లు, పక్కన ఇంకో ద వేసి పెట్టింది. ఆల్బముకి తెలుగు పేరు పెడితే కొన్ని ఇంగ్లీషు కాని అక్షరాలన్నీ ఊడ్చేసి ఉత్త అడ్డగీతతో చిరునామా తయారు చేస్తాయి. కొన్ని ఊడ్చవు గానీ, ఆ లంకెని కాపీ చేసి పంపితే ఊరి పేరొక్కటే శాతం గుర్తులతో 153 అక్షరాల తోరణమవుతుంది. వెతుకుడు పెట్టెలో "తిప్ప" అని కొడితే ఫొటో వస్తుందా? జిప్పు కట్టి వేరే కంప్యూటర్లో విప్పితే ఫైలు పేర్లు బతుకుతాయా? సాఫ్ట్‌వేరు దింపుకున్న మొదటి పది నిమిషాల్లో ఇవి చూడండి. థీములు పదకొండో నిమిషంలో చూసుకోవచ్చు.

వాట్సాప్ గ్రూపుని గ్యాలరీ అనుకునేవాళ్ళున్నారు. మామూలుగా పంపితే అది ఫొటోని నలిపి, లోపల రాసిన వివరాలని ఒలిచేస్తుంది. పేరు రాసిన ఫొటో పంపితే అవతలికి పేరు లేని ఫొటో చేరుతుంది. డాక్యుమెంటుగా పంపితే ఉంటాయి. ఆ సంగతి మా పెదనాయనకి ఎవరు చెప్తారు? గూగుల్ ఫొటోస్ నుంచి అంతా దింపుకుంటే మీరు అక్కడ రాసిన వర్ణనలు ఫొటోల్లో కాకుండా పక్కన విడి జేసన్ ఫైళ్ళుగా వస్తాయి. ఫొటో పేరు పొడుగైతే ఆ ఫైలు పేరు కత్తిరించి ఉంటుంది. కలపడానికి స్క్రిప్టులు రాసుకుని కూర్చోవాలి. చచ్చిపోయిన పికాసా ఈ విషయంలో నయం. మీరు రాసిన వ్యాఖ్యని జేపెగ్ లోపలే రాసేది. 2009లో దాంతో పేర్లు రాసుకున్న మా మిత్రుడి ఫొటోలు ఇవ్వాళ తెరిచినా పేర్లు చెప్తున్నాయి.

నేనిప్పుడు వాడుతున్నది చెప్తే నవ్వుతారు. ఉత్త ఫోల్డర్లు. వాటి మీద సిగాల్ అనే పైథాన్ పనిముట్టు నడిపితే మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీలు తయారుచేసి ఇస్తుంది. జేఆల్బమ్ అయినా ఫరవాలేదు, 2002 నుంచి ఉంది, అదీ ఇదే పని చేస్తుంది. డాటాబేసు లేదు, లాగిన్ లేదు, పీహెచ్‌పీ లేదు, దోచుకోవడానికి తలుపే లేదు. ఒక్కో ఫొటో 5 ఎంబీ వేసుకున్నా 640కి 3.2 జీబీ. పెన్‌డ్రైవుల్లో వేసి ఊళ్ళో మూడిళ్ళలో ఇచ్చా. నెట్టు లేకపోయినా తెరుచుకుంటుంది. పేజీలు పోయినా పేర్లు ఫొటోలోనే ఉన్నాయి. థీము పరమ చెత్తగా ఉంది. వ్యాఖ్యలు రాసే పెట్టె లేదు, ఎవరైనా పేరు గుర్తుపడితే నాకు ఫోను చేస్తారు, నేను ఎక్కించి మళ్ళీ పేజీలు తయారుచేస్తా. ఇబ్బందేనంటారా? ఇబ్బందే. ఆ ఫోన్ల కోసమే కదా ఇదంతా.

గుడి, చెరువు, శాసనం లాంటి ఊరుమ్మడి ఫొటోలు మీరే తీసినవైతే వికీమీడియా కామన్స్‌లో పెట్టండి, 2004 నుంచి ఉంది, వర్ణన తెలుగులో రాయొచ్చు. మనుషుల ఫొటోలకి మాత్రం ఆ దారి వద్దు. ఇక్కడ నేను చేసిన ఇంకో తప్పు కూడా ఒప్పుకుంటా. అప్పట్లో ఒక్క ఇంటివాళ్ళనీ అడక్కుండా 640 ఫొటోలు లోకానికి తెరిచి పెట్టా. పెళ్ళికూతురి ఫొటో ఒకటి చూసి ఒకాయన, "మా అమ్మని అడిగి పెట్టినావా?" అన్నాడు. జవాబు లేదు నా దగ్గర. ఆ అమ్మాయి ఇప్పుడు అవ్వ అయ్యుంటుంది. కాబట్టి ఇప్పుడు అడిగినవే బయట పెడుతున్నా, మిగిలినవి పెన్‌డ్రైవుల్లోనే. ఫోన్లో తీసిన కొత్త ఫొటోలైతే ఇంకో జాగ్రత్త: లోపల ఇంటి అక్షాంశ రేఖాంశాలుంటాయి. అసలు ఫైల్లో ఉండనివ్వండి, జనానికి చూపించే నకల్లోంచి మాత్రం తీసేయండి. ఏ సాఫ్ట్‌వేరూ తనంతట తాను ఈ తేడా చూసి పెడుతుందనుకోకండి.

రాజా దీన్‌దయాళ్ అని ఆరో నిజాం ఆస్థానంలో ఫొటోలు తీసినాయన. ఆయన గాజు నెగెటివ్‌లు 2857 ఢిల్లీలో ఇందిరాగాంధీ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి, 1989లో సేకరించారు. నూరేళ్ళు దాటిన గాజు. నవాబులకీ వైస్రాయిలకీ పేర్లు ఎలాగూ దొరుకుతాయి, వందమంది చరిత్రకారులు రాసి పెట్టారు. చెరువులో పూడిక తీసినామె పేరు ఇంకెక్కడా రాసి లేదు. నా దగ్గర ఒక్క చోట ఉండింది.

ఆ తమ్ముడికి సాయంత్రం కాఫీ దగ్గర ఇదంతా చెప్పా. "సాఫ్ట్‌వేరు పేరు చెప్పన్నా అంటే రామాయణం చెప్తాండావే" అన్నాడు. వాళ్ళ జేజికి ఎనభై నాలుగట. "ఈ శనివారం ఊరికి పోతా ఉండావా?" అనడిగా. రిలీజు ఉందన్నాడు. రిలీజు వచ్చే నెలా ఉంటుందిరా నాయనా అని తిట్టి పంపించా. పోయాడో లేదో తెలీదు.

నేను మాత్రం మొన్న సంక్రాంతికి చెరువు కట్ట ఫొటో పెద్దదిగా ముద్ర వేయించి ఊరికి తీసుకుపోయా. చొక్కా లేని పిల్లోడు ఇప్పుడు మదనపల్లె టమోటా మార్కెట్లో మండీ గుమాస్తా. తననీ, వాళ్ళమ్మనీ, ఇంకో ముగ్గురినీ గుర్తుపట్టాడు. ములకలచెరువులో ఒకాయన ఇద్దరిని చెప్పాడు, అందులో ఒకటి అనుమానమే. ప్రశ్నార్థకాలు లెక్కపెట్టి చూస్తే ఆ అనుమానం ఉన్న పేరుకి ఒక గుర్తు ఎక్కువైంది, కాబట్టి అది కాదు. అంటే ఆరు తేలాయి, ఎనిమిది మిగిలాయి.

పీటీఎం, బి.కొత్తకోట, ములకలచెరువు, తంబళ్ళపల్లె వైపు వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే నాకొక ముక్క రాయండి, ఆ ఫొటో పంపిస్తా. అరవై దాటిన వాళ్ళకి చూపించండి. ఎడమ నుంచి నాలుగో ఆమె, నుదుటి మీద పెద్ద బొట్టు, చేతిలో గంప, కెమెరా వైపు కాకుండా పక్కకి చూస్తూ నవ్వుతోంది. కొత్తకోటకిచ్చినారని అవ్వ చెప్పింది ఈమె గురించేనని నా గుర్తు. పేరు ఆరు గుర్తులు.